డయలు మీద నీలి గీత

శ్రీరామప్ప సముద్రం చూడలేదు. ఇరవై ఏళ్ళు సముద్రం పుస్తకాలు తప్ప వేరే పుస్తకం ముట్టని మనిషి, రైలెక్కితే ఒక్క పూటలో మద్రాసు చేరిపోయే కోలారు బంగారు గనుల్లో పుట్టి, అక్కడే ముసలివాడైపోయాడు. అసలు పోలేదా అంటే ఒకసారి పోయాడు. భార్య గురువమ్మకు కడుపులో రాయి తీయించడానికి మద్రాసులో నాలుగు రోజులు ఉన్నాడు. ఆస్పత్రికి సముద్రం మైలు దూరం కూడా లేదు. తిరిగొచ్చాక "చూస్తివా అన్నా?" అని నేను ఆత్రంగా అడిగాను.

"లేదప్పా. వరండాలో పండుకొని నిద్రపోయినాను. ఇన్నేండ్ల అలుపు గదా, ఒకే తూరి వచ్చేసింది. సముద్రం యాడికి పోతాది, ఆడనే ఉంటాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలచుకుంటే మండడానికి కూడా ఓపిక లేదు. గనుల్లో పనిచేసిన మా అందరికీ నిద్రే సముద్రమంత దూరంలో ఉండేది.

నా పేరు ఓబలప్ప. షాఫ్టు నోటి దగ్గర నా పని. షాఫ్టు అంటే గనిలోకి నిట్టనిలువుగా దిగే బావి. అందులో ఉక్కుతాడుకు వేలాడే ఇనుపబోనును మేము కేజు అంటాం. మనుషులను కేజులోకి ఎక్కించి, తలుపు బిగించి, గంట కొట్టేవాణ్ణి. మూడు గంటలు కొడితే లోపల మనుషులున్నారని. ఆ పైన రెండు కొడితే దించమని. నలభై గజాల దూరంలో ఇంజను రూములో కూర్చున్న డ్రైవరు ఆ గంటలు విని తాడు వదులుతాడు. ఆ డ్రైవరే శ్రీరామప్ప.

అతనికి చేతులున్న పెద్ద కొయ్య కుర్చీ ఉండేది. దొరలు చేయించిన కుర్చీ. అందులో కూర్చుంటే ఎదురుగా గోడగడియారమంత డయలు, దాని మీద ఒక ముల్లు. కేజు ఎంత లోతులో ఉందో ఆ ముల్లు చెబుతుంది. గనిలో అంతస్తుల్లా తవ్విన ప్రతి లెవెలుకూ డయలు మీద ఒక తెల్ల గీత. ముల్లు గీత మీదికి రాగానే బ్రేకు వేయాలి. కిందికి పోయేవాళ్ళ ప్రాణాలు అతని చేతిలో ఉంటాయి గానీ వాళ్ళ ముఖాలు అతనికి కనబడవు. అతను ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. చిత్తూరు వైపు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చి, రాతిదుమ్ము మింగి మింగి దగ్గుతో పోయిన వాళ్ళ నాయన, పోయేముందు కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడట, పైనే ఏదో ఒక పని చూసుకొమ్మని.

గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అలా వెళ్ళిన ఒక ఇంజనీరు దొర ఒక ట్రంకుపెట్టె పుస్తకాలు పొయ్యిలో పెట్టమని వంటవాడికి చెప్పాడు. ఆ వంటవాడు శ్రీరామప్ప మేనమామ. కాల్చడానికి చేతులు రాక మేనల్లుడి ఇంట్లో దించాడు. పంతొమ్మిది పుస్తకాలు, అన్నీ సముద్రం మీదే. ఆ దొర గనులకు రాకముందు ఓడల్లో పనిచేశాడట. శ్రీరామప్ప ఎనిమిదో క్లాసు ఇంగ్లీషు చదువుతో, పక్కన డిక్షనరీ పెట్టుకొని, రోజుకు అర పేజీ లెక్కన మొదలుపెట్టాడు. పంతొమ్మిదీ ముగించేసరికి సగం సర్వీసు గడిచిపోయింది. మళ్ళీ మొదటి పుస్తకం తీశాడు.

"ఏందో అనుకుంటి, ఈ పిచ్చి కుదిరేది కాదు" అనేది గురువమ్మ, ఖాళీ బిందెలు నా ఎదురుగా చప్పుడు చేసి పెడుతూ. "వీధి కుళాయి కాడ రెండు బిందెలు పట్టేకి తెల్దు ఈ మనిషికి. సముద్రంలో ఆటుపోట్లు ఎన్ని గంటలకో మాత్రం తెలుసు."

ఒక సంగతి నేను గమనించాను. కొన్నిచోట్ల అతను నాలుగైదు పేజీలు ఒక్కసారిగా తిప్పేసేవాడు. ఏమిటని అడిగితే, "ఓడ అడుగున పనోళ్ళు ఉంటారు సూడు, వాళ్ళ కత ఇది. ఇరుకు, ఉక్క, వాంతులు, జ్వరాలు. ఆ నరకం మన ఊర్లో దినామూ ఉండేదే గదప్పా, మళ్ళా సదివేది ఏంటికి? నాకు గాలి సాలు, సుక్కలు సాలు, పైన నిలబడిన కెప్టెను సాలు" అన్నాడు. నాకు అది న్యాయంగానే తోచింది.

ఒకరోజు సర్వే ఆఫీసులో ఎవరో అతనితో అన్నారు, మన ఊరు సముద్రానికి సుమారు రెండువేల తొమ్మిదివందల అడుగుల ఎత్తున ఉంది, షాఫ్టులో అంత లోతుకు దిగినవాడు సరిగ్గా మద్రాసు ఒడ్డు మట్టానికి వచ్చినట్టే అని. ఆ రోజు అతని ముఖం చూడాలి. పెళ్ళినాడు కూడా అంత వెలిగి ఉండదు. మరుసటి రోజు గురువమ్మ బట్టలకు వేసే నీలిమందును జిగురులో కలిపి తెచ్చి, ముప్పయ్యో లెవెలు తెల్ల గీతకు వేలెడు పైన, డయలు మీద సన్నగా ఒక నీలి గీత గీశాడు.

అప్పటినుంచి ముల్లు ఆ గీత దాటేటప్పుడు లివరు మీద చేయి కాస్త సడలించేవాడు. ఒక్క క్షణం. కేజు మందగించి మళ్ళీ వేగం అందుకునేది. దండం పెట్టుకున్నట్టు అది అతనికి. కింద దిగేవాళ్ళకు ఇదేమీ తెలియదు. అక్కడ షాఫ్టు వంకర ఉందని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. నాకు తెలిసినా చెప్పలేదు. ఏళ్ళ తరబడి రోజుకు వందలమందిని సముద్ర మట్టం దాటించాడు, ఎవరికీ చెప్పకుండా.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది అతని చూపు మందగించింది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదవడం మొదలైంది. "సదివి సదివి కండ్లు తినేసినాయి ఆ పుస్తకాలు" అని గురువమ్మ శాపనార్థాలు పెట్టింది. పుస్తకాల తప్పు కాదు, కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషనుకు లొంగేది కాదని తర్వాత తెలిసింది. కానీ డ్రైవర్లకు ఏడాదికోసారి కంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే ఆ కుర్చీ పోతుంది. పెన్షనుకు ఇంకా రెండేళ్ళుంది.

ఇందులో నా పాపం ఉంది. గంట కొట్టేవాళ్ళకూ ఆ పరీక్ష ఉంది, నేను ముందు పోయాను. గోడమీది చార్టులో అక్షరాలను వరసగా సిగరెట్టు పెట్టె అట్టమీద రాసుకొచ్చి ఇచ్చాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. చార్టుకు అక్షరాలు చాలు. శ్రీరామప్ప ఒక్క పూటలో కంఠస్థం చేసి పాసైపోయాడు. ఇద్దరం టీ కొట్టులో కూర్చొని నవ్వుకున్నాం కూడా.

ఆ తర్వాత నాలుగో నెలలో, ఒక సోమవారం పొద్దున్నే, చిన్నన్న మేస్త్రీ తన గ్యాంగు ఎనిమిదిమందితో ముప్పయ్యో లెవెలుకు బయలుదేరాడు. మూడు గంటలు, పైన రెండు గంటలు కొట్టాను. తాడు దిగింది, ఆగింది. కింద లెవెలుకు చేరినవాళ్ళు చేరినట్టు గంట కొట్టాలి. కొట్టలేదు. రెండు లెవెళ్ళ నడుమ ఆగితే కేజులో ఉన్నవాళ్ళు చేయగలిగిందేమీ లేదు, గంటతాడు అందదు. కాసేపు చూసి ఇంజను రూముకు పరిగెత్తాను.

శ్రీరామప్ప బ్రేకు మీద చేయి వేసుకొని, గంట కోసం ప్రశాంతంగా ఎదురుచూస్తున్నాడు. నేను డయలు చూశాను.

"అన్నా, ముప్పై కాదన్నా, ముల్లు నీలం మీద ఉండాది!"

లేచి డయలుకు ముఖం ఆనించాడు. ఏది తెలుపో ఏది నీలమో ఆ కళ్ళకు తేడా లేదు. అక్కడ సడలించడం చేతికి అలవాటే, ఆ అలవాటు మీద బ్రేకు పడిపోయింది. నేను పక్కన నిలబడి ముల్లు చూసి చెబుతుంటే మిగిలిన నూరడుగులూ దించాడు. ఏడు నిమిషాలు తొమ్మిదిమంది ఆ చీకట్లో వేలాడారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

విచారణలో బ్రేకు పట్టేసిందని తేల్చారు. బ్రేకులు చూసే ఫిట్టరు రామాంజినప్పకు మెమో వచ్చింది. శనివారానికి సస్పెండు అన్నారు.

"నోరు మూసుకోన్నా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. రెండేండ్లు కండ్లు మూసుకుంటే పెన్షను" అన్నాను నేను.

"కండ్లు మూసుకునే గదప్పా ఇంతకాలం నడిపినాను" అన్నాడు. "రామాంజినప్ప బ్రేకు నన్ను ఒక్కనాడు మోసం చేయలేదు. నేను వానికి చేయల్లనా?"

శుక్రవారం ఇంజనీరు ఆఫీసుకు పోయాడు. చూపు లేదని, చార్టు బట్టీ పట్టానని ఒప్పుకున్నాడు. అక్షరాలు ఎవరిచ్చారని అడిగితే, "నేనే దొంగిలించినాను సార్" అన్నాడు. నేను గుమ్మం బయట నిలబడి వింటున్నాను. లోపలికి పోలేదు. నోరు తెరవలేదు. ఈ ఒక్క మాట చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నానేమో.

కుర్చీ పోయింది. టింబరు యార్డు గేటు దగ్గర కాపలాకు వేశారు, కూర్చోడానికి ఒక స్టూలు. పోయేముందు ఇంజనీరును ఒకటే అడిగాడు, కేజులో ఒక్కసారి దిగి నీలి గీత దగ్గర ఆగాలని. నాయనకిచ్చిన ఒట్టు సంగతి నేను గుర్తుచేస్తే, "నాయన ఏమనుకున్నా సరే, నేను వాళ్ళను యాడ ఆపినానో సూడల్ల" అన్నాడు. ఇంజనీరు మంచివాడు, ఒప్పుకున్నాడు. తోడుగా నేను ఎక్కాను. విషయం తెలిసి చిన్నన్న మేస్త్రీ కూడా కేజెక్కాడు. ఆ సోమవారం నుంచి అతను శ్రీరామప్పతో మాట్లాడలేదు.

కొత్త డ్రైవరు చెప్పినచోట ఆపాడు. ఆగింది అనుకున్నాను గానీ ఆగలేదు. మూడువేల అడుగుల తాడు కొసన కేజు మూరెడు కిందికి దిగి, మూరెడు పైకి లేచి, మళ్ళీ దిగింది. ఉక్క. రాతి చెమ్మ చుక్కలుగా మెడమీద పడుతోంది. టోపీ దీపం వెలుగులో ఒక్క తడిగోడ తప్ప ఏమీ లేదు. శ్రీరామప్ప కమ్మీ పట్టుకొని మెల్లగా కూలబడ్డాడు. పంతొమ్మిది సముద్రం పుస్తకాలు చదివిన మనిషి భళ్ళున వాంతి చేసుకున్నాడు.

చిన్నన్న వంగి అతని నుదురు పట్టుకున్నాడు. తల్లి బిడ్డకు పట్టినట్టు, వాంతి ఆగేదాకా వదల్లేదు.

"ఆ పొద్దు గూడా ఇట్లే ఊగిందా?" అని అడిగాడు శ్రీరామప్ప, నోరు తుడుచుకుంటూ.

"ఆ పొద్దేంది, దినామూ ఊగుతాది" అన్నాడు చిన్నన్న. "ఆ పొద్దు తాడు తెగుతాదని ఏడిస్తిమి. కడమ దినాల్లో ఏడ్చము, అంతే. కుర్చీలో ఉండేవానికి యాడ తెలుస్తాది?"

పైకి వచ్చాక శ్రీరామప్ప షాఫ్టు పక్కన బల్లమీద కూర్చున్నాడు. పుస్తకాల్లో ఇట్లా ఉంటుందని రాయలేదా అని అడిగాను.

"రాసుండారప్పా. అంతా రాసుండారు. నేనే తిప్పేసినాను."

తర్వాతి వారం యార్డు గేటు దగ్గరికి పోతే స్టూలు పక్కన ఒక పుస్తకం పెట్టుకొని ఉన్నాడు. తిప్పేసిన పేజీలు ఎక్కడున్నాయో అతనికి గుర్తే. చదవడానికి కళ్ళు లేవు. పుస్తకం నా చేతికిచ్చాడు. మాటలు నాకు రావని అతనికి తెలుసు. చార్టు అక్షరాలు ఒక్కొక్కటే రాసిచ్చినవాణ్ణి కదా, అట్లాగే చదవమన్నాడు. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే అతను కూడబలుక్కొని మాట చేసుకునేవాడు, మాటలు కలిపి నాకు తెలుగులో చెప్పేవాడు. ఓడ అడుగున ఊగే ఉయ్యాలమంచాలు, నిద్రలేనివాళ్ళు, పేరు కూడా రాయని ఒక జ్వరం మనిషి. షిఫ్టు కుదిరి వారానికో సాయంత్రం కూర్చుంటే, నాలుగు వరసలు సాగితే గొప్ప. రెండేళ్ళలో పదకొండు పేజీలు అయ్యాయి. పన్నెండో పేజీ సగంలో ఉండగా అతను పోయాడు.

ఆ రెండేళ్ళూ నాకు చాలాసార్లు విసుగు పుట్టేది. షిఫ్టు దిగిన ఒళ్ళు, మసకబారిన వెలుతురు, ఎవరివో తెలియని కష్టాలు. తొందరపడి అక్షరం మింగేసేవాణ్ణి, ఒక వరస దాటేసేవాణ్ణి. అతను వెంటనే పట్టేసి, నా మోచేయి పట్టుకొని ఆపేవాడు.

"నిదానంగా సూసి సెప్పు ఓబలప్పా. లోపల మనుషులుండారు."