ఆటలో లేని ఏసీ

ఊళ్లలో పొగ తగ్గించే కంప్యూటర్ ఆట తయారుచేసింది దీక్షిత. ఏ ఊరి కోసం ఆడితే ఆ ఊరికి తగ్గట్టు మీటలు మార్చుకోవచ్చు. ఆర్మూర్‌కు లారీల, ఆటోల, పసుపు ఉడకబెట్టే పొయ్యిల మీటలు పెట్టింది.

ఏసీ హాల్లో ఆట చూపించిన రోజు ఓ ఆఫీసరు పొయ్యిల మీటను సున్నాకు లాగాడు. తెరమీద పొగ మాయమైంది. చప్పట్లు మోగాయి.

వెనక వరుసలోంచి దీక్షిత తల్లి గంగమణి లేచింది. ఏటా పసుపు ఉడకబెట్టే మనిషి.

"మా పొయ్యిలు ఆర్పినందుకు సప్పట్లు గొడ్తున్రా? గీ ఏసీ బంద్ జేసే బటన్ ఏది బిడ్డా?"

దీక్షితకు తన మీదే ఒళ్లు మండింది. ఏసీల కరెంటు కోసం కాలే బొగ్గు పొగకు మీట తను పెట్టనే లేదు. అందరి ముందే కూర్చుని ఏసీల మీట పెట్టింది.

"ఇప్పుడు లాగుండ్రి సార్!" అంది దీక్షిత.

ఆఫీసరు మీట ముట్టకుండా చేతులు కట్టుకున్నాడు.