మూతపడని కారు

గ్రీన్ కార్డు వచ్చిన సంబరంలో మా బావమరిది టెక్సస్‌లోని ప్లేనోలో టాపు తెరుచుకునే కొత్త కారు కొన్నాడు. బటన్ నొక్కితే రేకు పైకప్పు మడతపడి డిక్కీలోకి పోతుంది. ఆదివారం నన్ను ఎక్కించుకుని, టాపు తీసి హైవే మీద తిప్పాడు. ఇంటికొచ్చి మళ్లీ బటన్ నొక్కితే కప్పు ముందుకొచ్చింది గానీ, ముందు అద్దం పైన వేలెడు సందు వదిలేసి ఆగిపోయింది.

వీధిలోని వాడి ఫ్రెండ్స్ చేరారు. అందరిదీ సాఫ్ట్‌వేరే.

"రీస్టార్ట్ చేసి చూడు" అన్నాడొకడు.

"అప్‌డేట్ ఏమన్నా మిస్సయ్యావా?" అన్నాడింకొకడు.

ఆ సందులోకి తొంగిచూసిన పాపాన ఒక్కడూ పోలేదు. నాకు ఒళ్లు మండి, వేళ్లు పెట్టి లాగాను. కొక్కెంలో ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్క ఊడొచ్చింది. సీట్లు మాసిపోతాయని వాడు షోరూమ్ కవర్లు తియ్యలేదు. టెక్సస్ ఎండకి నా వీపు అతుక్కుపోయినా తియ్యనివ్వలేదు. హైవే గాలికి ఆ కవరే చిరిగి పైకి లేచింది.

ఈసారి బటన్ నొక్కితే కప్పు టక్కున మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం నా చేతిలోని ముక్కనే చూస్తున్నాడు.

"చింపేశావా బావా!" అంటూ టేపు కోసం ఇంట్లోకి పరిగెత్తాడు.