ఎరువు గోతిలో పాము

ఈ ఉదయం బాల్కనీలో ఎరువు బకెట్ మూత తీయగానే, మగ్గిన తొక్కల పుల్లటి వాసనతో పాటు వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. నా ఏడేళ్ళ వయసప్పటి భయం ఒకటి గుర్తొచ్చింది.

ఆత్రేయపురంలో మా పెరట్లో కూరగాయల తొక్కలు వేసే ఎరువు గొయ్యి ఉండేది. మిగిలిన అన్నం మాత్రం గేదె కుడితిలోకే వెళ్ళాలి. మెతుకు గోతిలో పడితే నాయనమ్మ ఊరుకునేది కాదు. ఆ ఏడు చలికాలం మొదట్లో కాకరకాయ కలిపిన అన్నాన్ని నేను గోతిలో ఓ మూల పారేసి, పైన తొక్కలు కప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే, మంచులో, ఆ మూల నుంచి పొగ లేస్తోంది. నా అన్నమే లోపల కాలుతోందనుకున్నాను. అంతలో గొయ్యి తిరగెయ్యడానికి నాన్న పార పట్టుకుని వచ్చారు. సరిగ్గా అక్కడే పార ఎత్తారు.

"ఒరేయ్, ఆ మూల కదపకు!" నాయనమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది. "వెచ్చగా ఉందని పాము చేరింది. నిన్న చూశాను."

"పామా? చెప్పవేంటమ్మా!" నాన్న వెనక్కి గెంతారు.

"నువ్వు అటుపక్క తవ్వుకో. ఇక్కడ నే చూసుకుంటాలే."

పొయ్యిలో బూడిద చేటెడు తెచ్చి ఆ మూలంతా కప్పేసింది. నా వైపు చూడనే లేదు.

ఆ పాము నా అన్నం కోసమే వచ్చిందని భయపడి, చలి పోయేదాకా కాకరకాయ నోరెత్తకుండా తిన్నాను.

ఇవాళ బకెట్లో అరటి తొక్కల కింద మా అమ్మాయి దాచిన ఇడ్లీ కనిపించింది. పైన గుప్పెడు ఎండాకులు వేసి మూత పెట్టేశాను. నాయనమ్మ చెప్పిన పాము ఆ గోతిలో లేనే లేదని నాకు ఇప్పుడు తెలిసింది.