తాత తట్టి చూసిన పాలకొడిసె

నా చిన్నప్పుడు ఆండర్సన్‌పేటలో కట్టె గురించి మా తాత మాటకు తిరుగు లేదు. బంగారు గనిలో ఆయన టింబర్ మేస్త్రి. లోపల పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విని, ఏది గట్టిదో ఏది పుచ్చిందో చెప్పేవాడు. ఆయన మాట మీదే మనుషులు ఆ కప్పు కిందికి పోయేవారు. ఆ గొప్పంతా నాదే అన్నట్టు నేను వీధిలో తిరిగేదాన్ని.

పక్కింటి అక్క భర్త గనిలో రాయి పేలి చనిపోయిన ఏడు అది. అంతకు ముందు వానల్లోనే ఆయన కొండ మీద నుంచి మనిషెత్తు పాలకొడిసె చెట్టును వేళ్ళతో సహా మోసుకొచ్చి వాకిట్లో నాటాడు. అక్క రోజూ బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోసేది. మాఘమాసం వచ్చేసరికి ఒక్క ఆకు మిగల్లేదు. ఇంటి ముందు ఎండిన చెట్టు అరిష్టమని వీధివాళ్ళు నస పెడుతుంటే, పాపం, ఆమె తాతను పిలిచింది.

తాత తట్టాడు, విన్నాడు. "చచ్చిపోయిండాది తల్లీ. పెరికేయండి," అన్నాడు. అక్క చెట్టును రెండు చేతులా పట్టుకుంది. నేను మాత్రం ఒక్క పరుగున పోయి గడ్డపార ఈడ్చుకొచ్చాను. ఆ ఉత్సాహం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లో తాత వాళ్ళ అక్క లక్కూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ఆవుల వెంట గుట్టలు తిరిగి పెరిగిన మనిషి. "నువ్వు తట్టిండేదంతా నరికిన కట్టెనే గదప్పా. దీన్ని ఎవురు నరికినారు?" అంటూ వచ్చి నా చేతిలో గడ్డపార లాక్కుంది. పక్కింటి అక్క బొటనవేలు పట్టుకుని గోటితో బెరడు గీయించింది. లోపల పచ్చగా ఉంది. చూస్తుండగానే తెల్లటి పాలు ఊరాయి.

పాలకొడిసె ఈ నెలల్లో బోడిగానే ఉంటుందట. ఉగాదికి చిగురేసి, ఎండలు ముదిరాక తెల్లగా పూస్తుందట. ఈడొచ్చిన చెట్టుకైతే కొసలు కలిసిన జంటకాయలు వేలాడతాయి, ఆకు లేకున్నా వాటిని చూసి గుర్తుపట్టొచ్చు, ఇది ఇంకా కాపుకు రాలేదని చెప్పింది. "ఏడాది పొడుగునా జూడకుండా చెట్టు తెల్సు అనగూడదు," అంది. పక్కింటి అక్క చెట్టు మొదట్లో కూలబడి బావురుమంది.

తాత ఇంట్లోకి పోయాడు. ఆ పూట అన్నం కెలికి లేచాడు. మర్నాడు పొద్దున షిఫ్టుకు పోతూ అక్క వాకిట్లో ఆగి, టోపీ తీసి, వీధిలో అందరూ వింటుండగా, "నేను జెప్పింది తప్పమ్మా," అన్నాడు. ఉగాదికి చెట్టు చిగురించింది. మేమెవరమూ ఆశ్చర్యపోలేదు.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఒక పిల్లకు చదువు అబ్బదని వాళ్ళమ్మతో తేల్చి చెప్పాను. ఆమె నా మాట నమ్మి బడి మాన్పించింది. ఆ పిల్ల అంగట్లో కూర్చుని తమ్ముడికి లెక్కలు నేర్పుతుంటే ఒకరోజు నా కంట పడింది. ఇంటికొచ్చాను గానీ నిలవలేకపోయాను. మర్నాడు వాళ్ళ గుమ్మంలో నిలబడి, నేను చెప్పింది తప్పు, పిల్లను పంపమ్మా అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి ముందు రెండుసార్లు వాళ్ళ వీధి మలుపు దాకా పోయి వెనక్కి తిరిగాను. మా తాత ఎంత ధైర్యవంతుడో నాకు ఆ గుమ్మంలోనే తెలిసింది.