ఊదమంటే పీల్చిన బాపు

ఊపిరితిత్తుల కణాలను సాగదీయడం నా ఉద్యోగం. వాటిని పల్చటి రబ్బరు పొర మీద పెంచి, మనం ఊపిరి పీల్చి వదిలినట్టే లాగి వదులుతాను. జబ్బుచేసిన కణం ఎంత బిరుసెక్కిందో సన్నటి సూదితో నొక్కి చూస్తాను. "రబ్బరు గుంజెతందుకు గిన్నేండ్లు సదవాల్నా బిడ్డా?" అని అమ్మ అడిగింది. జవాబు ఇంకా వెతుకుతున్నాను. అయినా మా నవాగామ్ గల్లీలో నేను 'దమ్ము డాక్టరమ్మ'ను, జ్వరానికి గోళీ కూడా రాసివ్వలేని డాక్టరమ్మను!

బయట పల్లకీల మోత, ఇంట్లో మాత్రం బాపు దగ్గు మోత. బాపు జోల్వాలోని ఒక మిల్లులో మరమగ్గం నడుపుతాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మగ్గం మానెయ్యమని నేను, మానితే పిచ్చి లేస్తదని ఆయన. చివరికి ఊపిరి పరీక్షకు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "మిషన్ ఫెయిలంటే మగ్గం బంద్. పాసంటే నీ నోరు బంద్."

ఆస్పత్రిలో పరీక్ష చేసే అమ్మాయిని నోరెత్తనివ్వకుండా, ఎలా ఊదాలో నేనే ఉపన్యాసం మొదలుపెట్టాను. అంతా విని బాపు గొట్టాన్ని పెదాల మధ్య పెట్టుకుని సర్రున పీల్చాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ పీల్చాడు.

"ఊదమంటే పీలుస్తవేంది బాపూ!"

"ఏం జెయ్యాలె బిడ్డా, మూతికి గదే అలవాటాయె."

అప్పుడు వెలిగింది నా బుర్ర. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా పోగు కొసను నాడె రంధ్రంలోంచి నోటితోనే పీల్చి లాగుతాడు బాపు. పోగుతోపాటు దుమ్మూ లోపలికే. ఆ సర్రుమనే చప్పుడు వింటూ పెరిగి, దుమ్ముకు కణం ఎలా బిరుసెక్కుతుందో సూదులతో వెతుకుతున్న మహామేధావిని! నా చదువు తగలెయ్య.

"కట్టెల పొయ్యి ఊదినట్టు ఊదు బాపూ," అన్నాను.

ఈసారి ఊదాడు. తెర మీద గీత కాస్త లేచి చతికిలబడింది. ఇంకో రెండుసార్లు ఊదించినా అంతే. ఆ అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది. నాకు ఏడుపొచ్చింది.

బాపు మా ఇద్దరి ముఖాలూ చూశాడు.

"ఇంకొక్కపాలి ఊదుత. ఇందాక నాకు సమజ్ కాలే," అంటూ రొప్పుతూనే గొట్టం మళ్ళీ నోటికి పెట్టుకోబోయాడు.

ల్యాబులో ఏ కొలతనూ నమ్మక, తీసిందే తీయించి అందరి ప్రాణాలూ తోడేదాన్ని. అలాంటి నేనే ఆయన చేతిలోంచి గొట్టం తీసేసుకున్నాను.

"చాలు బాపూ."