ఈగలకు ఆయుధపూజ

రెండువేల దశకం తొలినాళ్ళలో, పీహెచ్‌డీ పేరుతో విశాఖలో నేను పండ్ల ఈగల్ని మేపేదాన్ని. “ఉక్కునగరంలో అందరి పిల్లలూ ఇంజనీర్లవుతుంటే మాది ఈగలు తోలుకుంటోంది” అని మా అమ్మ బాధ.

నా పంతమంతా ఒక డీఎన్ఏ ముక్క మీద. అది కంటికి సంబంధించిన జన్యువు పక్కన ఉంటుంది. తానుగా ఏ ప్రోటీనూ తయారుచేయదు. అయినా ఎన్నో జాతుల ఈగల్లో, కోట్ల ఏళ్ళుగా, దాదాపు అక్షరం మారకుండా నిలిచింది. పనికిరానిదైతే ఇన్నాళ్ళు ఎందుకుంటుంది? జన్యువు ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలో చెప్పేది ఇదేనని నా నమ్మకం. మా గైడ్ సార్‌కి లేదు. “ఈసారీ ఫలితం రాకపోతే టాపిక్ మార్చెయ్” అని తేల్చేశారు.

ఆ ముక్కకు నీలం రంగు తెప్పించే జన్యువును తగిలించి, గుర్తు కోసం కంటికి రంగిచ్చే జన్యువును కూడా జోడించి, తెల్లకళ్ళ ఈగల గుడ్లలోకి ఎక్కించాను. తర్వాతి తరంలో రంగుకళ్ళవి పుడితే ముక్క లోపలికి చేరినట్టు. వాటి లార్వాల్లో కన్ను తయారయ్యే చోట నీలం వస్తే, ముక్క పనిచేసినట్టు.

అంతలో దసరా వచ్చింది. మా ల్యాబ్ అటెండర్ బాబాయ్‌ది చేపలు పట్టే కుటుంబం. మైక్రోస్కోపుకి బొట్టు పెట్టి, ఈగల సీసాల వైపు తిరిగాడు.

“పడవకి పూజ సేత్తాం, వలకి సేత్తాం. ఈగలేటి పాపం సేసుకున్నాయమ్మా?”

నిజమే అనిపించింది. నైవేద్యం వాసన తగలాలని దూదిబిరడాలు కాస్త వదులుచేసి, సీసాల మెడలకు బంతిపూలు కట్టి, ముందు అరటిపళ్ళు పెట్టి సెలవులకి వెళ్ళిపోయాం.

తిరిగొచ్చేసరికి సీసాల నిండా ఎర్రకళ్ళ ఈగలు! డిపార్ట్‌మెంటంతా మాడుగుల హల్వా పంచాను. సార్ కూడా రెండోసారి తీసుకున్నారు. తీరా లార్వాలకి రంగు పరీక్ష చేస్తే నీలం జాడే లేదు. పళ్ళకి ముసిరిన ఊరి ఈగలు లోపల దూరి గుడ్లు పెట్టాయి. వాటికి పుట్టుకతోనే ఎర్రకళ్ళు! సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడుపు దిగమింగుకుని ఒక్కొక్క ఈగనీ వెతికాను. ముదురు ఎరుపుల మధ్య ఒక్కదానికి లేత నారింజ కళ్ళు. నేనెక్కించిన జన్యువు ఇచ్చే రంగు అలా లేతగానే ఉంటుంది. దాని సంతానాన్ని పెంచి, లార్వాలకి మళ్ళీ పరీక్ష పెట్టాను.

సార్ మైక్రోస్కోపు మీద వంగి, ఫోకస్ సరిచేసి చూశారు. “నువ్వు చెప్పిన చోటే నీలం వచ్చింది” అన్నారు.

బాబాయ్ కూడా చూశాడు. “ఈ సుక్క కోసమేటమ్మా ఇన్నేళ్ళు?”

నాకు కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

“ఊరుకోమ్మా” అన్నాడు బాబాయ్ కంగారుగా. “సిన్నదే గానీ బాగుంది.”