గంధం బొట్టు పెట్టిన డబ్బా

ఆ ఏటి మిరప పంటంతా మా నాన్న మిరప మార్కెట్టున్న విరుదునగర్‌లో ఒక అద్దె గదిలో మూటలు కట్టి పెట్టాడు, దీపావళి దాటాక అమ్ముదామని. మధ్యలో వానలున్నాయి. తేమ తగిలితే కాయ బూజు పడుతుంది, బూజు పట్టిన కాయను ఎవరూ ముట్టరు. మేముండేది అక్కడికి బస్సులో గంట పైగా పట్టే కోవిల్‌పట్టిలో. నేను సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. ఆ గదిలో తేమ ఎంతుందో ఇక్కడి నుంచే చూడాలని పంతం పట్టాను.

చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల వేలిగోరంత సెన్సర్, ఒక వైర్‌లెస్ బోర్డు, రెండు పెన్సిల్ సెల్లు. మొదట్లో సెల్లు మూడు రోజులకే చచ్చేవి. బోర్డు ఊరికే మేలుకుని ఉంటోందని కనిపెట్టడానికి వారం పట్టింది. అరగంటకోసారి లేచి, వేడీ తేమా అంకెలు పంపి, మళ్లీ నిద్రపోయేలా మార్చాను. గాలి ఆడడానికి మూతకు నాలుగు బెజ్జాలు పొడిచాను. పక్క ఆఫీసువాళ్లను బతిమాలి వైఫై తీసుకున్నాను.

గోడకు తగిలిస్తుంటే నాన్న నవ్వాడు. "కాయను పిడికిట్లో పట్టి చూస్తే తెలీదా? దీనికింత పాటెందుకురా?"

నాకు ఒళ్లు మండింది.

ఆయుధ పూజ నాడు నా కొట్లో పూజ ఉండి నేను పోలేదు. గదిలో నాన్నే చేశాడు. ఆ రోజు నా ఫోన్‌లో తేమ కాస్త పెరిగి, మర్నాటికి తగ్గి, యాభై రెండు శాతం దగ్గర నిలిచిపోయింది. అరవై లోపుంటే కాయకు భయం లేదు. కదలని అంకెను అనుమానించాలని రిపేరు చేసేవాడికి తెలియదా? తెలుసు. అయినా నా పనితనమే అనుకుని మురిసిపోయాను.

వాన పట్టుకుంది. మూడో రోజు నాన్న చెప్పులు వేసుకున్నాడు. "విడవకుండా పడతా ఉండాది. ఒక తూరి పోయి మూటలు విప్పి చూసేసి వస్తా."

"అక్కర్లేదు నైనా. ఇదిగో, యాభై రెండే" అని ఫోన్ చూపించాను.

"అట్లయితే సరి" అని చెప్పులు విడిచేశాడు.

వాన తెరిపిచ్చాక ఇద్దరం బస్సెక్కి పోయాం. తలుపు తీయగానే గుప్పున బూజు వాసన. గోడవారన మూటల్లో కాయలు ఒకదానికొకటి అంటుకుని తెల్లబడ్డాయి. డబ్బా కేసి చూశాను. నాలుగు బెజ్జాల మీదా నిండుగా గంధం, నడుమ కుంకుమ, ఎండి గట్టిపడి ఉంది.

"దీనికెందుకు పెట్టావు నైనా?" అని అరిచాను.

"మన పని సామాను గదరా. త్రాసుకు పెట్టి, దబ్బనానికి పెట్టి, దీనికి పెట్టకుంటే ఎట్ల?"

ఎగతాళి చేసిన మనిషి ఎప్పుడు దాన్ని మా పనిముట్లలో కలుపుకున్నాడో నేను గమనించనే లేదు. బెజ్జాలు మూయకూడదని చెప్పనూ లేదు. చాలా సిగ్గేసింది. సాయంత్రం దాకా కాయలు ఏరాం, సగానికి పైగా పారబోశాం.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "కాయ ఎట్లుండాది?"

నేను గొంతు సవరించుకునేలోపే నాన్న అన్నాడు, "కప్పు కారిందే. ఏం చేసేది?"

ఆ గదికి కాంక్రీటు కప్పు. ఒక్క చుక్క కారలేదు. నేను తలొంచుకుని ఆయన వెనకే లోపలికి పోయాను.